కత్తెర ఆడుతున్నంతసేపూ

ఉన్ని కత్తిరించడానికి దోమితీలా చేతిలో పడ్డ అల్పాకా తన్నదు. ఈ మాట పుకరూమి ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు, ఆవిడంటే గిట్టనివాళ్ళతో సహా. గిట్టేవాళ్ళెవరన్నది వేరే సంగతి.

ముందు మెడ కింద చెయ్యి వేస్తుంది. చెవి దగ్గర ఏదో గొణుగుతుంది. పడెయ్యదు, అలసిపోయి వచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు జంతువుని కంబళి మీదికి ఒదిగిస్తుంది. తన టోపీ తీసి దాని కళ్ళ మీద కప్పుతుంది. మోకాలు భుజానికి ఆనీ ఆనకుండా ఆనిస్తుంది. ఇంకొకరు వెనక కాళ్ళు పట్టుకుంటారు. అప్పుడు కత్తెర మొదలవుతుంది, కత్తెరతో పాటే నోరూ మొదలవుతుంది.

పుకరూమిలో కత్తెర ఆడుతున్నంతసేపూ మాట ఆగకూడదు. ఆగితే జంతువుకి భయం వేస్తుంది. భయపడితే మెలికలు తిరుగుతుంది, మెలిక తిరిగిందంటే తోలు తెగుతుంది. మంద ఎవరి సొంతమూ కాదు, ఊరికి దేవుడైన కొండతండ్రి తన ఊటలోంచి తీసి పోషించమని ఇచ్చింది. దొడ్లో రక్తం పడితే ఆయన దాన్ని వచ్చిన ఊటలోకే తిరిగి పిలుచుకుంటాడని తాతలనాటి భయం. అందుకని కంబళి దగ్గర ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండాలి. కొందరు పాడతారు, కొందరు ప్రార్థన చదువుతారు. దోమితీలా వెక్కిరిస్తుంది.

జంతువుని కాదు. దాని కాళ్ళు పట్టుకున్న మనిషిని.

"ఊరుకో తల్లీ, ఊరుకో. నీ కాళ్ళు పట్టుకున్నదెవరో చూశావా? చూడకులే, అందుకేగా టోపీ పెట్టాను. మా హిలారియోన్ అన్న. ఈ ఏడు ఊరిపెద్ద. ఎలా అయ్యాడో తెలుసా? సభలో కునుకుతున్నాడు. ఎవరికి ఇష్టమో చెయ్యెత్తండి అన్నారు. పక్కవాడు తుమ్మితే ఉలిక్కిపడి ఎత్తాడు. ఇక దించనివ్వలేదు."

గోడ మీద కూర్చుని ఉన్ని రంగులవారీగా వేరు చేస్తున్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వుతారు. హిలారియోన్ కూడా నవ్వుతాడు, నవ్వకపోతే రెండోది పడుతుంది కాబట్టి. ఆ నవ్వుల మధ్యలో, టోపీ కింద చీకట్లో, జంతువు ఆ గొంతు ఒక్కటే వింటుంది. ఎగుడుదిగుడు లేని గొంతు. రాట్నం తిరిగినట్టు సాగే గొంతు. కాసేపటికి బిగుసుకున్న కాళ్ళు వదులవుతాయి. ఆ వదులు మొట్టమొదట తెలిసేది కాళ్ళు పట్టుకున్నవాడికే. మొహం ఎర్రగా కందిపోయి ఉన్నా, "వదులైంది, ఇక కానియ్" అని చెప్పాల్సిందీ వాడే.

హిలారియోన్ పెళ్ళాం కసిల్డా ఒకసారి అడిగింది. "అక్కా, దానికి మన మాటలు అర్థం కావుగా. గొంతు వినబడితే చాలుగా. ఏదన్నా మంచిమాట చెప్పొచ్చుగా?"

"మంచిమాటకి నా గొంతు వణుకుతుందే. వణికే గొంతు విందంటే ఇది లేచి ఆ కొండెక్కుతుంది. నువ్వెళ్ళి దింపుకొస్తావా?"

ఇందులో అబద్ధం లేదు. మొగుడు అన్సెల్మోని పూడ్చిన రోజున నలుగురిలో ఓ మంచిమాట చెప్పబోయింది. గొంతు ఎలా పోయిందంటే, గోతి దగ్గర కట్టేసిన, బరువులు మోసే లామా బెదిరి తాడు తెంపుకుంది. "సరే, ఇకనన్నా హాయిగా నిద్రపో, గురక పెట్టకు" అన్నాక గానీ ఆ గొంతు కుదుటపడలేదు. అందరూ నవ్వారు. అన్సెల్మో అన్నగారు మాత్రం ఆనాటినుంచి ఆవిడ గడప తొక్కలేదు.

ఉన్ని కత్తిరించడం దోమితీలాకి తండ్రి దగ్గర పట్టుబడింది. ఆ రోజుల్లో కత్తెర లేదు, నూరిన రేకుముక్క. ఆ మనిషి జంతువుని రాయితో కొట్టి పడుకోబెట్టేవాడు. కాళ్ళు భార్య పట్టుకునేది. రేకు ఆడుతున్నంతసేపూ భార్యని వెక్కిరించేవాడు, పుట్టింటి దగ్గర్నుంచి పళ్ళవరస దాకా. ఆయన దగ్గర నేర్చుకోవడానికి రెండే విద్యలు ఉండేవి. కూతురు రాయి పారేసింది, నోరు ఉంచుకుంది. జంతువు ఒంటిమీద మచ్చ పడకుండా చూసుకోవడంలో ఆవిడకి ఆవిడే సాటి. మనుషుల విషయంలో అలాంటి పట్టింపేం పెట్టుకోలేదు.

పెళ్ళయిన ఏటి నుంచీ ఊళ్ళో ప్రతి దొడ్లో కత్తెర ఆవిడదే. ఇక్కడ కూలి ఉండదు, బదులు పని ఉంటుంది. మీ దొడ్లో నేను, నా దొడ్లో మీరు. కత్తెర పట్టినవాళ్ళకి మడత కంబళి ఆసనం, మొదటి గిన్నె సూపు, మొదటి గుక్క సారా. కాళ్ళు పట్టినవాళ్ళకి దుమ్ము, డెక్కల దెబ్బలు, మొహాన జంతువు ఊసే పచ్చటి ఉమ్మి. పైన వెక్కిరింత. అందుకని ఆ పనికి జనం వంతులేసుకుంటారు, వంతు తప్పించుకోవడానికి నడుంనొప్పులు కనిపెడతారు.

ఒక్క మెలితోన్ తప్పించుకోడు. మెలితోన్ దోమితీలాకి మరిది, చెల్లెలు బ్రిహిదా మొగుడు. బ్రిహిదా ఉన్ని కొనే లారీ ఎక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మెలితోన్‌కి మాటలు తగ్గాయి. పిలిచినవాళ్ళ దొడ్డికల్లా వస్తాడు, కాళ్ళు పట్టుకుంటాడు. తల వంచుకుంటే ఎదురుగా కనిపించేది వదినగారి చెయ్యీ, కత్తెరా. ఏళ్ళ తరబడి వాటినే చూశాడు.

"ఊరుకో తల్లీ, భయపడకు. ఈయన పట్టుకున్నదేదీ ఎక్కువసేపు నిలవదు. కాస్త ఓపిక పట్టు, తనే వదిలేస్తాడు. కావాలంటే మా చెల్లెల్ని అడుగు."

లారీ వచ్చిన రోజుల్లో ఇంకోటి ఉండేది. "హారన్ వినబడిందా మరిదీ? ఇంకెవర్నన్నా ఎక్కించాల్సినవాళ్ళున్నారేమో చూసిరా." ప్రతి ఏడూ ఇదే, ప్రతి దొడ్లోనూ ఇదే. ప్రతిసారీ నవ్వేవాళ్ళు. మెలితోన్ పళ్ళు కనిపించేలా పెదాలు సాగదీసేవాడు. దాన్ని నవ్వు అనుకోవడం అందరికీ సుఖంగా ఉండేది.

ఈ ఏడు దోమితీలా కుడిచేతి బొటనవేలు మొరాయించింది.

మొదట పొద్దుటిపూట బిగుసుకునేది. వేడి సూపు గిన్నెలో ముంచేది, చంకలో పెట్టుకునేది, కాసేపటికి లొంగేది. పోనుపోను కణుపు ఉబ్బి, విప్పిన కత్తెర మూసుకోవడమే కష్టమైంది. ఎవరూ చూడనప్పుడు రెండు చేతులూ వేసి నొక్కేది. చూస్తున్నప్పుడు జోకు పొడిగించి వేలికి విరామం ఇచ్చేది. ఆ ఏడు ఆవిడ జోకులు బాగా పెద్దవయ్యాయని, వయసుతో ఇంకా రాటుదేలిందని ఊరు మెచ్చుకుంది.

కత్తెర పోతే తను కూర్చోవాల్సిన చోటు దోమితీలాకి తెలుసు. వెనక కాళ్ళ దగ్గర. అక్కడ కూర్చున్నవాళ్ళతో ఎలా మాట్లాడతారో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ చోటుకి పోకూడదు. ఈ ఏడు ఎలాగైనా గట్టెక్కితే వచ్చే ఏటికి వేలు అదే సర్దుకుంటుందని అనుకుంది. ఇంకా కసిల్డా వాళ్ళ దొడ్డీ, తన దొడ్డీ మిగిలాయి.

కసిల్డా వాళ్ళ దొడ్లో, మెలితోన్ కాళ్ళు పట్టుకున్న గోధుమరంగు ఆడ అల్పాకా డొక్క దగ్గర, వేలు పట్టేసింది. కత్తెర సగంలో ఆగి, జారి, దిగింది. లేతరంగు లోపలి ఉన్నిలో ఎర్రటి గీత లేచింది.

మాట ఆగింది. గోడ మీది ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. కసిల్డా చేతిలో ఉన్ని అలాగే ఉండిపోయింది. దోమితీలా కత్తెర కింద రక్తం చూడటం అక్కడ ఎవరూ ఎరగరు.

"కాలు వదిలేశావేం మరిదీ!" అంది దోమితీలా.

మెలితోన్ తన చేతులకేసి చూసుకున్నాడు. రెండు కాళ్ళూ అందులోనే ఉన్నాయి, పట్టు పట్టినట్టే ఉంది. తలెత్తి వదినగారి బొటనవేలు చూశాడు. తర్వాత ఆవిడ మొహం చూశాడు.

"చూడు, ఎలా గుడ్లు మిటకరిస్తున్నాడో. మనసు లారీ వెనకాల పరుగెడుతుంటే చేతులెక్కడుంటాయి?"

నవ్వారు. నవ్వడంతో తీర్పు అయిపోయింది. గాయంలో బూడిద కూరారు. ఎవరి తప్పువల్ల రక్తం పడిందో వాళ్ళ జుట్టు అదే కత్తెరతో తీసి, కోకా ఆకులతో కలిపి దొడ్డివాకిట్లో పాతాలి. ఉన్ని ఇచ్చిన ఒంటికి బదులు వెంట్రుక ఇవ్వడం. ఎప్పుడూ చిటికెడే తీస్తారు. దోమితీలా చిటికెడుతో ఆగలేదు. మెలితోన్‌ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, రెండు చేతులా కత్తెర పట్టుకుని, చెవి మీది నుంచి మాడు దాకా ఒక పక్కంతా తీసేసింది. రెండు చేతులా పట్టడం కూడా తమాషాలో భాగమే అనుకున్నారు. "రెండో రకం ఉన్ని" అంది ఎవరో. "కాదే, మూడోరకం, లారీవాడు కూడా తీసుకోడు" అంది దోమితీలా. కసిల్డా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

మెలితోన్ లేచి, దుమ్ము దులుపుకుని, టోపీ పెట్టుకుని, తర్వాతి జంతువు కాళ్ళు పట్టుకున్నాడు.

దోమితీలా దొడ్డి వంతు ఆఖరు. తూర్పు కనుమలోంచి మబ్బు పైకెక్కుతోంది. ఇవాళ ఉన్ని దిగకపోతే వానలు పట్టేస్తాయి. తడిసిన ఉన్ని మంద మీదే చీకిపోతుంది. చీకటి ఉండగానే లేచి సూపు పెట్టింది, ఎండిన మాంసమూ మంచుకి ఎండబెట్టిన దుంపలూ వేసి. జంతువుల చెవులకి కొత్త ఎర్రదారం కుచ్చులు కుట్టింది. బొటనవేలికి కొవ్వు రాసి, గుడ్డ చుట్టి, మళ్ళీ కనిపిస్తుందని విప్పేసింది.

జనం వచ్చారు. రాక తప్పదు, ఆవిడ అందరి దొడ్లోనూ చేసింది. హిలారియోన్ కొండతండ్రి వైపు కోకా ఆకులు పట్టి ఊదాడు, నేలమీద నాలుగు చుక్కల సారా వంచాడు. దోమితీలా మడత కంబళి మీద కూర్చోబోతుంటే మెలితోన్ ముందుకొచ్చాడు. టోపీ తీశాడు.

"వదినా, ఒకవైపే చేసి వదిలేశావు. ఈ చెవొక్కటే చలికి ఏడుస్తోంది. రెండోవైపు కూడా తీసిపెట్టు."

దొడ్డి గొల్లుమంది. లారీ వెళ్ళినప్పటి నుంచీ ఆ మనిషి నోట అంత పొడుగు మాట రావడం అదే మొదలు.

"పనయ్యాక చూద్దాంలే."

"కత్తెర నూరి పెట్టావుగా. ఎంతసేపు?" అని ఆవిడ ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"కానియ్ అక్కా, జత కలుపు" అంది కసిల్డా నవ్వుతూ. కుదరదని అనడానికి కారణం చెప్పాలి. దోమితీలా దగ్గర ఉన్న కారణం చెప్పుకునేది కాదు. రెండు చేతులతో కత్తెర ఎత్తింది.

మెలితోన్ ఆవిడ ఎడంచెయ్యి మణికట్టు దగ్గర మెత్తగా పట్టుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఈ చెయ్యి ఇక్కడుంచు వదినా. జంతువుల మీద వేస్తావే, అలాగ. లేకపోతే నాకు భయం."

మళ్ళీ నవ్వారు. దోమితీలా కుడిచేత్తో కత్తెర విప్పింది. జుట్టులోకి పోనిచ్చింది. మూయబోయింది. వేలు కదల్లేదు. పళ్ళు బిగించి భుజం బలమంతా పెట్టింది. కత్తెర కొసలు వణికాయి, రెండు వెంట్రుకలు చిక్కుకుని లాగాయి, అంతే. మెలితోన్ కదలకుండా కూర్చున్నాడు. నవ్వు ఒక్కొక్కళ్ళ దగ్గరే ఆగిపోతూ వచ్చింది.

కసిల్డా గోడ దిగి దగ్గరికొచ్చింది. "అక్కా, ఆ వేలేంటి అలా ఉంది?"

"ఏముంది? పొద్దుటి చలికి..."

"ఎన్నాళ్ళనుంచి?"

మెలితోన్ లేచాడు. కత్తెర ఉంగరంలో ఇరుక్కున్న దోమితీలా వేళ్ళని ఒక్కొక్కటే, నొప్పి తెలియకుండా, విడదీశాడు. కత్తెర తీసుకున్నాడు. మడత కంబళి మీద కూర్చుని, వెనక కాళ్ళ చోటు చూపించాడు.

"ఇలా రా వదినా. మబ్బు పట్టేస్తోంది."

దోమితీలా హిలారియోన్ వైపు చూసింది. ఊరిపెద్ద మబ్బు వైపు చూశాడు. "అవునమ్మా, ఆలస్యమైతే నీ మందకే నష్టం" అన్నాడు. అది నిజం కూడాను. వెళ్ళి దుమ్ములో కూర్చుంది.

మొదట పట్టుకొచ్చింది ఫుయుని. తెల్లది. ఒంటిమీద ఇంతవరకూ ఒక్క గాటు ఎరగనిది, తల్లి చచ్చిపోతే దోమితీలా పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది. మెలితోన్ దాని మెడ కింద చెయ్యి వేశాడు. చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కంబళి మీదికి ఒదిగించాడు. తన టోపీ దాని కళ్ళమీద కప్పి, సగం గొరిగిన తల గాలికి వదిలేశాడు. మోకాలు ఆనీ ఆనకుండా ఆనించాడు. అన్నీ ఆవిడవే. ఒక్కటి కూడా పొల్లుపోలేదు. కత్తెర వేశాడు.

మాట్లాడలేదు.

"ఏవయ్యా మెలితోన్, మాట్లాడు" అంది గోడ మీంచి ఎవరో.

కత్తెర చప్పుడొక్కటే. ఫుయు ముక్కులోంచి సన్నగా మూలగడం మొదలుపెట్టింది. దాని కాళ్ళలో పుట్టిన వణుకు దోమితీలా అరచేతుల్లోకి పాకింది. ఇన్నేళ్ళలో ఆ వణుకు ఆవిడ పట్టుకుని చూసింది లేదు, పైనుంచి వినడమే తప్ప.

"మాట్లాడు మరిదీ, భయపడుతోంది."

"నాకు రాదు వదినా. ఎప్పుడూ నువ్వేగా" అన్నాడు తలెత్తకుండా. కత్తెర రొమ్ము దాటి పొట్టవైపు దిగుతోంది. అక్కడ తోలు కాగితమంత పల్చన.

దోమితీలా ప్రార్థన అందుకుంది. రెండో మాటకే గొంతు వణికింది. ఫుయు ఒక్క తన్ను తన్నింది, డెక్క ఆవిడ గడ్డానికి తగిలింది. గోడ మీద ఎవరో కిసుక్కుమన్నారు. దుంపల పంట గురించి మొదలుపెట్టింది, "ఈ ఏడు దుంపలు..." అని. అదీ వణికింది. పాట ఎత్తుకుంది, అది మరీ అధ్వానం. మూలుగు కేకైంది. కత్తెర ఆగట్లేదు. ఆపమంటే ఆపుతాడేమో, కానీ సగం ఉన్నితో మందని వానకి వదలడానికి లేదు. ఆవిడకి కుదురుగా నడిచే గొంతు ఒక్కటే ఉంది. అది నడిచే దారీ ఒక్కటే.

"ఊరుకో తల్లీ, ఊరుకో" అంది. "నీ కాళ్ళు పట్టుకున్నదెవరో చూశావా?"

గొంతు కుదుటపడింది. దానంతట అదే రాట్నం తిరిగింది.

"ఒక ముసలిది. వేళ్ళు చూడు, దుంపల బస్తా కుమ్మరించినట్టు. ఏది బొటనవేలో ఏది దుంపో తెలీక పొద్దున్న సూపులో వేసుకుంది. ఆ సూపే వీళ్ళందరూ తాగబోయేది, చెప్పకు."

గోడ మీద ఒకరు నవ్వారు. తర్వాత అందరూ.

"దీని మొగుడు చెవుల్లో ఉన్ని కుక్కుకుని బతికాడు. పోయేముందు తీసెయ్యమన్నాడు. ఎందుకయ్యా అంటే, అక్కడ దీని నోరు వినబడదుగా అన్నాడు."

ఫుయు కాళ్ళు వదులయ్యాయి. అరచేతుల్లో తెలిసింది. "వదులైంది, ఇక కానియ్" అంది దోమితీలా. మెలితోన్ పొట్ట మీద కత్తెర నడిపించాడు, పాలమీగడ తీసినంత నెమ్మదిగా. ఎక్కడా గాటు లేదు.

ఫుయు లేచి, కొత్తగా సన్నబడ్డ ఒంటిని ఓసారి విదిలించుకుని, గోడ వారకి పోయి నించుంది. దాని తర్వాత ఇంకోటి వచ్చింది. మెలితోన్ మళ్ళీ నోరు విప్పలేదు. ఇంకోటి, ఇంకోటి. ప్రతిదానికీ దోమితీలాయే మొదలుపెట్టాల్సి వచ్చింది, ప్రతిదానికీ కొత్తది కావాల్సి వచ్చింది. పాతది తిప్పి చెప్పబోతే, "అది అయిపోయిందక్కా, ఇంకోటి చెప్పు" అని గోడ మీంచి అరిచారు. పిసినారితనం అయింది. పళ్ళు అయ్యాయి. మొహాన పడ్డ పచ్చటి ఉమ్మి తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, దాని మీదా ఒకటి చెప్పింది.

"ఈ ముసలిదాని పొయ్యి దగ్గర చుట్టం కూర్చుని ఎన్నాళ్ళయిందో తెలుసా తల్లీ? పొయ్యికి కూడా గుర్తులేదు. ఇవాళ ఇంతమంది ఎందుకొచ్చారు అనుకుంటున్నావా? ప్రేమ కాదులే, బదులు పని. ఇది చచ్చినా వస్తారు, ఏదన్నా దొడ్లో ఇది కాళ్ళు... ఇది కత్తెర పట్టి ఉంటే."

దీనికి అందరికంటే గట్టిగా నవ్వారు. కసిల్డా అయితే పక్కదాని భుజం మీద వాలిపోయింది.

దోమితీలా పనితనం ఒకటే. కాళ్ళు పట్టుకున్న మనిషిలో ఎక్కడ సలుపుతుందో వెతికి, అక్కడ వేలు పెట్టి నొక్కడం. ఆ వెతుకులాట ఆవిడ చేసేది కాదు, నోరే చేసేది. ఇవాళ కూడా నోరు దాని దారిన అది వెతుక్కుంటూ పోతోంది. గోధుమరంగు ఆడది ఒకటి కంబళి మీదికి వచ్చినప్పుడు ఆ సలిపే చోటు దొరికింది.

"ఊరుకో తల్లీ. నీలాంటిదాన్నే మొన్న కసిల్డా దొడ్లో కోసిందిది. వేలు పట్టేసింది. నోరు పట్టెయ్యలేదుగా, ఆ నేరం ఇంకోడి నెత్తిన రుద్దింది."

నవ్వు సగంలో తెగింది. "ఏమన్నావక్కా?" అంది కసిల్డా.

కత్తెర ఆడుతోంది. డొక్క మీద ఉంది. ఆగడానికి లేదు. మెలితోన్ వేగం పెంచలేదు, తగ్గించలేదు.

"వాడు కాలు వదల్లేదు తల్లీ" అంది దోమితీలా, అదే గొంతుతో, అదే రాట్నంతో. "రెండు కాళ్ళూ చేతిలోనే ఉన్నాయి. చూసింది. చూసి కూడా వాడి తల గొరిగింది. చిటికెడు చాలదని సగం తల. ఎందుకంటే నవ్వుతున్నారుగా మరి, నవ్వుతుంటే దీనికి చెయ్యి ఆగదు. చెయ్యి కాదులే, నోరు. చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది."

ఎవరూ నవ్వలేదు. జంతువుకి నవ్వు అక్కర్లేదు. దాని కాళ్ళు వదులుగా ఉన్నాయి.

ఆఖరి జంతువు లేచేసరికి కనుమ కనిపించకుండా పోయింది. ఉన్ని మూటలు ఇంట్లోకి చేర్చారు. మంద మొత్తం మీద ఒక్క గాటు లేదు. దోమితీలా దుమ్ములోంచి లేచి సూపు పొయ్యి వైపు నడవబోయింది.

"ఉండమ్మా" అన్నాడు హిలారియోన్. "మా దొడ్లో పడ్డ రక్తానికి వెంట్రుక ఇంకా రాలేదు. పాతింది తప్పు చెయ్యని మనిషిది. ఇలా వదిలేస్తే మా మందకి మంచిది కాదు."

దోమితీలా నెరిసిన రెండు జడల్లో ఒకదాని కొస పట్టుకుని చూపించింది. "చిటికెడు తీసుకోండి."

"చిటికెడు ఎప్పటినుంచి వదినా?" అన్నాడు మెలితోన్.

ఆవిడ కసిల్డా వైపు చూసింది. కసిల్డా కళ్ళు తిప్పుకోలేదు. "ఆ రోజు మమ్మల్ని కూడా నవ్వించావు కదక్కా, వాణ్ని చూసి" అంది. అందులో జాలి ఉందేమోనని దోమితీలా వెతికింది. ఒళ్ళు మండడమే కనిపించింది.

మెలితోన్ ఆవిడ మెడ కింద చెయ్యి వేశాడు. తొయ్యలేదు. కంబళి మీదికి ఒదిగించాడు, ఏ ఎముకా నేలకి కొట్టుకోకుండా. తన టోపీ తీసి ఆవిడ కళ్ళమీద కప్పాడు. చెమటా ఉన్నికొవ్వూ కలిసిన వాసన, చీకటి. మోకాలు భుజానికి ఆనీ ఆనకుండా ఆనింది.

"కాళ్ళెవరు పట్టుకుంటారు?" అన్నాడు.

టోపీ కింద దోమితీలా విన్నది. గోడ మీంచి ఎవరూ దిగలేదు. గాలి, మంద సన్నటి మూలుగు. దగ్గరికొచ్చే అడుగు చప్పుడు లేదు.

కత్తెర విచ్చుకున్న చప్పుడు చెవి పక్కనే వినబడింది. దాంతోపాటే గొంతు. తనదే ఆ గొంతు, మగగొంతులో. ఎగుడుదిగుడు లేనిది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. నీ కాళ్ళు పట్టుకున్నదెవరో చూశావా? చూడకులే. ఎవరూ లేరు. పిలిచాను, రాలేదు. ఎందుకొస్తారు? పట్టుకోకపోయినా నువ్వు ఎక్కడికి పోతావు గనక?"

దొడ్డంతా నవ్వింది. ఏ ఏడూ వినబడనంత నవ్వు. హిలారియోన్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. మొదటి జడ కంబళి మీద పడింది, మెత్తగా.

"లారీ వస్తుందిలే తల్లీ. దీన్ని ఏ రకంలో వేస్తాడో అడుగుదాం. నువ్వే చెప్పేదానివిగా రకాలు. ఊరుకో, ఇటు తిరుగు, ఈ చెవి జాగ్రత్త, ఆఁ, అలాగ."

కత్తెర మొన చెవి వెనక మెత్తటి చోటు తాకి, గాటు పెట్టకుండా తప్పుకుంది. చెయ్యి తిరిగినవాడు. ఇంకా ఏదో చెబుతున్నాడు, ఇంకా నవ్వుతున్నారు. మాటలు ఆవిడకి వేరువేరుగా వినబడటం మానేశాయి. గొంతొక్కటే వినిపిస్తోంది. లేచి పోవాలనుకుంది. కాలివేళ్ళు నేలలో గుచ్చి బిగించింది. గొంతు సాగుతూనే ఉంది, ఎక్కడా తడబడకుండా. కాసేపటికి, ఆవిడ వద్దనుకుంటుండగానే, దోమితీలా కాళ్ళు వదులయ్యాయి.